ఆదివారం స్నానం, బుధవారం గోకుడు

పెట్ షాపులోకి వెళ్ళి "మా కుక్కకి పురుగులు పట్టాయండీ" అనండి చాలు. ఎలాంటి పురుగులు, ఇంట్లో పిల్లి కూడా ఉందా, కుక్క వయసెంత, ఇవేవీ అడక్కుండానే కౌంటర్ వెనకున్న కుర్రాడి చెయ్యి షాంపూ సీసా మీదకి పోతుంది. అతన్ని నేను తప్పుపట్టను. మనం అడిగేదీ అదే మరి. సీసా ఖరీదు చేతికందేలా ఉంటుంది, డాక్టర్ చీటీ అక్కర్లేదు. ఆదివారం పొద్దున్న కుక్కని పెరట్లో కట్టేసి, నురగ పట్టించి, చచ్చిన పురుగులు మురుగులోకి కొట్టుకుపోతుంటే కళ్ళారా చూసి చేతులు దులుపుకోవచ్చు. బుధవారానికి కుక్క మళ్ళీ వెనక్కి తిరిగి తోక మొదట్లో కొరుక్కుంటుంది. "ఈ షాంపూ పని చెయ్యలేదు, ఇంకా ఘాటుది కావాలి" అంటూ మనం మళ్ళీ అదే షాపుకి బయల్దేరతాం.

షాంపూ పని చెయ్యకపోవడం కాదు, దాని పని అక్కడితో అయిపోయింది. కుక్క ఒంటి మీద ఆ పూట ఉన్న పురుగుల్ని చంపడం వరకే దానికి చేతనవును, ఆ మాట సీసా మీద ఎవరూ రాయరు. కుక్క ఒంటి మీద గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగులని ఫ్లీలంటారు. ఆ ఫ్లీల మందుగా షాంపూ అమ్మడం మీదా, కొనడం మీదా నాకున్న అభ్యంతరం ఇది. ఇందులో డబ్బు దండగ సంగతి చిన్నది. మొదటి సీసా పని చెయ్యలేదన్న కోపంతో జనం రెండోసారి ఏం పూస్తారన్నది అసలు భయం.

నేనిక్కడ మాట్లాడుతున్నది ఫ్లీల గురించి, పిడుదుల గురించి కాదు. పిడుదుకి ఎనిమిది కాళ్ళు, చెవి మడతలోనో వేళ్ళ సందులోనో మూతి గుచ్చి కదలకుండా కూర్చుని ఉబ్బుతుంది. ఫ్లీ రెండు మిల్లీమీటర్ల పురుగు, ఆరు కాళ్ళు, రెక్కల్లేవు. రెండు పక్కల నుంచీ నొక్కేసినట్టు పల్చగా ఉంటుంది కాబట్టి వెంట్రుకల మధ్య సర్రున జారుతుంది, వేలు పెట్టేలోపు గెంతేస్తుంది. మన ఇళ్ళలో రెండింటినీ కలిపి కుక్క పురుగులు అనేస్తాం, సీసాల మీద కూడా రెండు బొమ్మలూ పక్కపక్కనే వేస్తారు. కానీ రెండింటి బతుకులూ వేరు, మందులూ అన్నీ ఒకటి కావు. పిడుదులకు వాడే అమిట్రాజ్ ద్రావణాన్ని ఫ్లీల మీద ప్రయోగించి ఫలితం లేదని వాపోయేవాళ్ళు చాలామంది కనిపిస్తారు.

కుక్కల మీదా పిల్లుల మీదా ప్రపంచమంతటా కనిపించేది ముఖ్యంగా పిల్లి ఫ్లీ. పేరుకే పిల్లిది, కుక్క దొరికినా వదలదు. మన దేశంలో కుక్కల మీద దాని దగ్గరి చుట్టం ఒరియెంటిస్ అనే రకం ఎక్కువ. అసలైన కుక్క ఫ్లీ ఇంకొకటుంది. అది పిల్లి ఫ్లీ కంటే దూరం గెంతుతుందని, ఇది ఇరవై సెంటీమీటర్లయితే అది ముప్ఫై అని, ఫ్రాన్స్ పరిశోధకులు ఓపిగ్గా కొలిచి తేల్చారు. 2008లో వాళ్ళకి ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. నవ్వుకోవచ్చు గానీ, పెరట్లో కుక్కని నేల మీద కూర్చోబెట్టి స్నానం చేయించేటప్పుడు ఆ ముప్ఫై సెంటీమీటర్లు గుర్తుంచుకోవడం మంచిది. నీళ్ళు పడగానే కొన్ని మన పాదాల మీదకే వస్తాయి.

ఫ్లీలున్నాయో లేదో తేల్చుకోవడానికి నా దగ్గరున్న పరికరాలు పేల దువ్వెన, తెల్ల కాగితం, కాసిని నీళ్ళు. కుక్క తోక మొదలు దగ్గర, నడుము వెనక భాగంలో చర్మానికి ఆనించి దువ్వెన లాగి, పళ్ళలో చిక్కిన చెత్తని కాగితం మీద దులపాలి. నల్లటి నలుసులు రాలతాయి. మట్టో మసో అనుకుంటాం. వాటి మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి ఆగితే మట్టి మట్టిగానే ఉంటుంది, ఫ్లీ మలమైతే చుట్టూ ఎర్రగా, తుప్పు రంగులో నీరు పాకుతుంది. అది మన కుక్క రక్తమే, ఫ్లీ తాగి వదిలినది. మా కుక్క చింటూ మీద మొదటిసారి అలా ఎర్రగీత చూసినప్పుడు అమ్మ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, "ఇంత రక్తం పోతుంటే వీడు బక్కచిక్కిపోడూ మరి" అంది. వారం రోజులుగా వాడికి అన్నంలో నెయ్యి ఎక్కువ వేస్తున్నది ఆవిడే.

ఆ నలుసులకి ఇంకో పనుంది. పెద్ద ఫ్లీ కుక్క ఒంటి మీదే ఉండి రక్తం తాగుతుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. గుడ్లు జిగురుగా అంటుకునే రకం కావు, కుక్క విదిలించుకున్నప్పుడల్లా, దొర్లినప్పుడల్లా, పడుకున్న చోటల్లా రాలిపోతాయి. వాటితోపాటే ఈ నలుసులూ రాలతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు నేల మీద తినేది ఈ ఎండిన రక్తాన్నే. దానికి వెలుతురు పడదు, చీకటి సందుల్లోకి పాకుతుంది. కాళ్ళు తుడుచుకునే పట్టా అడుగున, దివాన్ కింద, సోఫా మెత్తల మధ్య, కుక్క పడుకునే గోనెసంచి మడతల్లో పెరుగుతుంది. తర్వాత పట్టులాంటి దారంతో గూడు అల్లుకుంటుంది. ఆ దారం జిగురు, దుమ్మూ ఇసుకా దానికి పట్టేసి పక్కనే ఉన్న చెత్తకీ దానికీ తేడా తెలియకుండా చేస్తాయి. గూడు మీద పురుగుమందు చల్లినా లోపలికి సరిగా దిగదు. లోపల తయారైన ఫ్లీ వెంటనే బయటికి రావాలనేమీ లేదు, నెలల తరబడి కూర్చోగలదు. అడుగుల చప్పుడు, ఒంటి వెచ్చదనం, ఊపిరి తగిలితే క్షణాల్లో బయటపడుతుంది.

మా వీధిలో ఒక అంకుల్, ఆంటీ కూతురి పురిటికని అమెరికా వెళ్ళారు. కుక్కని బంధువుల ఇంట్లో దింపి, ఇంటికి తాళం వేసి నెలల తరబడి అక్కడే ఉండి వచ్చారు. వచ్చిన రాత్రే ఆంటీ ఫోన్.

"ఏమ్మా, నిద్రపోయావా? మీ అంకుల్ కాళ్ళ నిండా దద్దుర్లు. తెల్ల మేజోళ్ళ మీద ఏవో నల్లగా గెంతుతున్నాయి. నల్లులంటావా?"

"గెంతితే నల్లులు కావు ఆంటీ, ఫ్లీలు."

"కుక్కే లేదు కదమ్మా ఇంట్లో! ఎక్కణ్ణుంచి వచ్చి చచ్చాయి?"

ఎక్కణ్ణుంచీ రాలేదు, అక్కడే ఉన్నాయి. కుక్క వెళ్ళేముందు రాల్చిన గుడ్లు గూళ్ళయి, ఖాళీ ఇంట్లో ఎదురుచూశాయి. తలుపు తీసి హాల్లో సూట్‌కేసులు దొర్లించగానే వాటికి కబురందింది. ప్రయాణానికి ముందు ఆంటీ కుక్కకి శుభ్రంగా ఫ్లీ షాంపూతో స్నానం చేయించే పంపారు. ఆ స్నానంలో లోపమేమీ లేదు. స్నానం చేసింది కుక్క, హాలు కాదు.

సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం ఒక ఇంట్లో ఫ్లీల సంతతి మొత్తంలో కుక్క మీద కనిపించే పెద్దవి 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లు, పిల్లపురుగులు, గూళ్ళ రూపంలో కుక్క తిరిగే చోటల్లా ఉంటాయి. చేలో తుంగ పీకినట్టే ఇదీ. పైన గడ్డి చేతికొస్తుంది, గడ్డ నేలలోనే ఉంటుంది.

ఇక ఆదివారం స్నానం సంగతి రోజుల వారీగా చూద్దాం. ఆదివారం పొద్దున్న చింటూ మీద ఒక్క ఫ్లీ లేకుండా కడిగేశాం. అదే సాయంత్రం వాడు తన గోనెపట్టా మీద పడుకుంటాడు. పట్టా కింద గూళ్ళలోంచి వచ్చినవి ఎక్కుతాయి. ఎక్కిన నిమిషాల్లో రక్తం తాగడం మొదలు. మొదటిసారి రక్తం తాగాక ఒకటి రెండు రోజుల్లోపే ఆడది గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. మంచి ఊపులో ఉంటే రోజుకి 40 నుంచి 50 గుడ్లు. ఆదివారం రాత్రి పది ఆడ ఫ్లీలు ఎక్కాయనుకోండి, మంగళ బుధవారాలకల్లా రోజుకి నాలుగొందల గుడ్లు రాలుతుంటాయి. వచ్చే ఆదివారం మనం మళ్ళీ బాల్చీ పట్టుకునేసరికి ఆ వారం కోటా ఎప్పుడో సోఫా కిందకి చేరిపోయింది. మనవైపు వెచ్చదనానికి, తడికి మూడు నాలుగు వారాల్లో అవే గుడ్లు పెద్ద ఫ్లీలై తిరిగొస్తాయి. వారానికోసారి స్నానం చేయించినంత మాత్రాన ఈ చక్రం ఎక్కడా తెగదు. పోనీ రోజు విడిచి రోజు చేయిద్దామంటే కుక్క చర్మం ఊరుకోదు.

ఎందుకు తెగదో తెలియాలంటే షాంపూ ఎలా చంపుతుందో చూడాలి. ఫ్లీని మామూలు నీళ్ళలో వేస్తే తొందరగా చావదు, ఒంటి మీదున్న మైనప్పూత వల్ల తేలుతుంది. నీళ్ళలో సబ్బు కలిస్తే ఆ నీరు దాని ఒంటికి పట్టుకుని లోపలికి దిగుతుంది, మునిగి చస్తుంది. అంటే ఈ పని మామూలు కుక్కల షాంపూ కూడా కొంతవరకు చేస్తుంది, మన కుంకుడుకాయ రసమూ చేస్తుంది. కాకపోతే కుంకుడు కళ్ళలో పడితే కుక్కకీ మనకీ ఒకటే ఏడుపు. ఫ్లీ షాంపూల్లో అదనంగా ఉండేది పైరెత్రిన్ లాంటి మందు. చేమంతి జాతి పువ్వు నుంచి తీసేది, పురుగు నరాల మీద పనిచేస్తుంది. పెర్మెత్రిన్ దాని కృత్రిమ బంధువు. ఇవి పురుగుకి ఎక్కాలంటే నురగ కనీసం అయిదు పది నిమిషాలు ఒంటి మీద నిలవాలి. మనం రెండు నిమిషాల్లో చెంబులతో పోసేస్తాం, ఎందుకంటే అప్పటికే కుక్క రెండుసార్లు విదిలించుకుని మనల్ని కూడా తడిపేసి ఉంటుంది. సరే, ఓపికపట్టి పది నిమిషాలూ ఉంచామనుకుందాం. కడిగేశాక మందు నీళ్ళతోనే పోతుంది. ఒంటి మీద రేపటికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

కడగడంలో కూడా చాలామంది వీపు మీంచి మొదలుపెడతారు. నీళ్ళు తగలగానే ఫ్లీలు తల వైపు పరుగెత్తి చెవుల్లో, కళ్ళ చుట్టూ చేరతాయి, అక్కడ మనం షాంపూ రుద్దలేం. ముందు మెడ చుట్టూ పట్టీలాగా చిక్కటి నురగ పెట్టి దారి మూసేసి, తర్వాత వెనక్కి రావాలి. షాంపూని నేను తిడుతున్నాను గానీ వాడినప్పుడు సరిగ్గా వాడాలి కదా.

స్నానాలు ఎక్కువైతే ఇంకో చిక్కు. మన చర్మంతో పోలిస్తే కుక్క చర్మం పల్చన, ఆమ్లగుణం కూడా తక్కువ. మనం వాడే షాంపూలు మన చర్మానికి తగ్గట్టు తయారైనవి. వాటితో మాటిమాటికీ రుద్దితే నూనె పోయి పొడిబారి పొలుసులు లేస్తాయి, దురద పెడుతుంది. కుక్క గోక్కుంటుంది. గోక్కుంటోందంటే ఇంకా ఫ్లీలున్నాయని మళ్ళీ స్నానం. ఇంకొందరు ఒకే రోజు షాంపూ స్నానమూ చేయించి, మెడ వెనక వేసే చుక్కల మందూ వేస్తారు. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి చుక్కల మందులు చర్మం మీది నూనెతో కలిసి ఒళ్ళంతా పాకుతాయి. ఆ నూనెని పొద్దున్నే కడిగేసి సాయంత్రం మందు వేస్తే అది పాకేదెక్కడ? అందుకే ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దంటారు. ఈ మాట మందు అమ్మినవాళ్ళే చెప్పాలి. చుక్కల మందూ షాంపూ కలిపి ఒకే కవర్లో వేసి ఇచ్చేవాళ్ళు ఎందుకు చెప్తారు?

అసలు భయమన్నాను కదా, ఇప్పుడు అక్కడికొస్తాను. షాంపూతో తగ్గలేదని తేలాక మన ఇళ్ళలో బుర్రలు చురుగ్గా పనిచేస్తాయి. పశువుల కోసం పాడివాళ్ళు వాడే డెల్టామెత్రిన్ పురుగుమందు సీసా పక్కింట్లో దొరుకుతుంది, మూత కొలతలో బాల్చీలో కలిపేస్తారు. చీమల చాక్‌పీస్‌ని పొడిచేసి వెంట్రుకల్లో రుద్దుతారు. గదుల్లో కలరా ఉండలు పెడతారు, ఒకటి కుక్క నోట్లో పడితే దాని ఎర్ర రక్తకణాలకే ముప్పు. కిరోసిన్, పొగాకు కషాయం, ఫినాయిల్ నీళ్ళు, ఒకదాన్ని మించి ఇంకొకటి. మా తాతల కాలంలో గమాక్సిన్ పొడి కుక్కకీ కోడికీ ఒకే చేత్తో చల్లేవారు. అందులోని బీహెచ్‌సీ అనే పురుగుమందుని మన దేశం 1997లో నిషేధించింది, అయినా "ఆ పొడి ఉంటే ఒక్క దెబ్బకి పోయేవి" అని నిట్టూర్చే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పేలకి తలకు రాసే సీతాఫలం గింజల పొడి కుక్కకి రాయమని చెప్పేవాళ్ళున్నారు. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది, కంటి డాక్టర్లకి ఇది బాగా తెలిసిన కేసు. మనిషైతే కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. పాదంతో కళ్ళు రుద్దుకునే కుక్కకి ఏం చెప్తాం?

సహజమైనది కాబట్టి ఏమీ కాదన్న నమ్మకంతో నాకు పేచీ. వేపలో పురుగుల ఎదుగుదలని దెబ్బతీసే గుణం ఉన్నమాట నిజం. కానీ గుప్పెడాకులు మరగబెట్టిన నీళ్ళలో అది ఎంతుందో, స్నానం తర్వాత ఎంత నిలిచిందో లెక్కేది? టీ ట్రీ నూనె మొక్క నుంచి వచ్చిందే, పిల్లులకూ చిన్న కుక్కలకూ అది విషం.

పిల్లి ఉన్న ఇంట్లో ఈ కథ మరీ ప్రమాదం. పెర్మెత్రిన్ కుక్క తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. కొన్ని రకాల రసాయనాలని విరిచి బయటికి పంపే పని పిల్లి కాలేయం సరిగా చేయలేదు. చెవులు అదరడం, చొంగ కారడం, ఒళ్ళంతా వణుకు, తర్వాత మూర్ఛ. వైద్యం అందకపోతే చనిపోతుంది. కుక్కల షాంపూ సీసా మీద కుక్కలకు మాత్రమే అన్న మాట ఎక్కడో అడుగున సూక్ష్మంగా ఉంటుంది. సగం సీసా మిగిలింది కదా అని పిల్లికీ అదే పెట్టేస్తారు. పేలకి వాడే మనుషుల మందులో కూడా 1 శాతం పెర్మెత్రిన్ ఉంటుంది, "పసిపిల్లల తలకే రాస్తాం కదా, పిల్లికేమవుతుంది" అంటారు. అవుతుంది. గాయాలు కడిగే యాంటీసెప్టిక్ ద్రవాల్లోని క్లోరోజైలినాల్ కూడా పిల్లికి పడదు. మా ఇంట్లో చింటూతోపాటు పండు అనే పిల్లి ఉంది. చింటూకి ఏ మందు వాడినా అది పండుకి అంటకుండా ఎలా అన్నది మా డాక్టర్ గారు మొదట అడిగే ప్రశ్న. షాపులో నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.

ఇంత చెప్పాక షాంపూ చెత్తబుట్టలో పడేయమంటానని అనుకుంటారేమో. అనను. కొందరు పశువుల డాక్టర్లు షాంపూ పేరెత్తితేనే విసుక్కుంటారు, ఆ విసుగు నాకు నచ్చదు. షాంపూ, దువ్వెన తప్ప వేరే దారి లేని సందర్భాలున్నాయి. కళ్ళు తెరిచి కొద్దిరోజులైన కుక్కపిల్లలకి చాలా మందులు పనికిరావు, మాత్రలు మొదలుపెట్టడానికి మామూలుగా ఎనిమిది వారాలైనా నిండాలి. ఆ వయసు పిల్లల మీద ఫ్లీలు దురదతో ఆగవు. 72 ఆడ ఫ్లీలు కలిసి రోజుకి ఒక మిల్లీలీటరు రక్తం తాగగలవని కొలిచి చెప్పారు. నాలుగొందల గ్రాముల కుక్కపిల్ల ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 35 మిల్లీలీటర్లు. దాని మీద రెండొందల ఫ్లీలుంటే రోజుకి మూడు మిల్లీలీటర్ల దాకా పోతుంది, ఇక ఎన్ని రోజులు తట్టుకుంటుందో మీరే లెక్కేయండి. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లబడి ఉంటే అప్పుడు చేయాల్సింది స్నానం కాదు, ఆస్పత్రికి పరుగు. చిగుళ్ళు బాగానే ఉంటే గోరువెచ్చని నీళ్ళు, మందులేని మెత్తటి షాంపూ, వెంటనే తువ్వాలుతో ఒత్తి ఆరబెట్టడం, తర్వాత దువ్వెనతో ఓపిగ్గా ఏరి సబ్బునీళ్ళ గిన్నెలో ముంచడం. పాలిచ్చే తల్లికీ ఇదే, డాక్టర్ని అడిగి మందు తేల్చుకునేదాకా.

ఇంకొకటి, వీధిలోంచి కొత్తగా తెచ్చుకున్న కుక్క మొదటి రోజు. ఒళ్ళంతా ఫ్లీలతో ఇంట్లోకి తీసుకురావడం కన్నా గేటు దగ్గరే ఒక స్నానం మంచిదే. కొన్ని కుక్కలకి ఫ్లీ లాలాజలం పడదు, రెండు మూడు కాట్లకే నడుము వెనకంతా పుండ్లు చేసుకుంటాయి, వాటికి చల్లటి నీళ్ళ స్నానం ఆ పూటకి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఉపశమనాన్ని నేను తక్కువ చెయ్యను.

ఇక చక్రం తెంపేది ఏమిటంటే, కుక్క మీదకెక్కిన ఫ్లీ గుడ్డు పెట్టేలోపే చావాలి, ఆ ఏర్పాటు రాత్రీ పగలూ నెలల తరబడి ఉండాలి. ఈ పనికి గత పదేళ్ళ పైచిలుకుగా వచ్చిన నమిలే మాత్రలు గట్టివి. అఫాక్సొలానర్‌కి అమెరికాలో 2013లో, ఫ్లురలానర్‌కి 2014లో అనుమతి వచ్చింది, ఇప్పుడు మన ఊళ్ళలోనూ దొరుకుతున్నాయి. మందు రక్తంలో ఉంటుంది, కరిచిన ఫ్లీ గంటల్లో చస్తుంది. మొదటిది నెల రోజులు, రెండోది పన్నెండు వారాలు పనిచేస్తుంది. స్నానం చేయిస్తే పోయేది కాదు. వీటికీ మెలికలున్నాయి. ఈ కోవ మందులతో కొన్ని కుక్కలకి వణుకు, మూర్ఛ రావచ్చని 2018లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇదివరకు మూర్ఛలు వచ్చిన కుక్క అయితే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. బరువు చూసి వేసేది కాబట్టి పక్కింటి లాబ్రడార్ మాత్రలో సగం విరిచి తెచ్చుకునే వ్యవహారం వద్దు. ఇంట్లో ఎన్ని జంతువులుంటే అన్నింటికీ ఒకేసారి, దేనికి తగినది దానికి వేయాలి. ఒక్కదాన్ని వదిలేస్తే ఫ్లీలకి అదే చాలు.

ఖరీదు మాటేమిటి? ఉంది, కాదనను. షాంపూ సీసాకీ ఒక మాత్రకీ పోల్చుకుంటే మాత్ర గుండె గుభేలుమనిపిస్తుంది. కానీ సీసాల వెంట సీసాలు, చుక్కల మందు, ఇంటికొచ్చి మందు కొట్టే పెస్ట్ కంట్రోల్, గోకి గోకి పుండైతే డాక్టర్ దగ్గర యాంటీబయాటిక్స్, ఇవన్నీ ఏడాది పొడుగునా విడివిడిగా ఖర్చవుతాయి కాబట్టి మనం కూడి చూసుకోం. వీటిలోకి కడుపులో పురుగులకి పట్టించే మందు కూడా చేరుతుంది. కుక్క మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటి ముక్కలు కదులుతుంటే అది బద్దెపురుగు. దాని గుడ్లు ఫ్లీ పిల్లపురుగులోకి పోతాయి, ఆ ఫ్లీని కుక్క కొరుక్కుంటూ మింగుతుంది. ఫ్లీలని వదిలేసి ఎన్నిసార్లు పురుగుల మందు పట్టించినా బద్దెపురుగు మళ్ళీ తిరిగొస్తుంది.

మాత్ర కొనలేని పరిస్థితుంటే డబ్బులేని పని ఒకటుంది, నేల మీది పని. ఇందులో అమెరికా సలహాలు మనకి సగమే పనికొస్తాయి, వాళ్ళ గోలంతా కార్పెట్ల గురించి. మన గచ్చులు, టైల్స్ మీద ఫ్లీ పిల్లకి దాక్కునే చోటు తక్కువ. అందుకే ఇల్లంతా కాదు, కుక్క పడుకునే నాలుగు చోట్ల మీద పడాలి. దాని పట్టా, దుప్పటి వారానికోసారి మరుగు నీళ్ళలో ముంచి, ఉతికి, ఎండలో వేయాలి. సోఫా మెత్తలు ఎత్తి వాక్యూమ్ ఉంటే వాక్యూమ్‌తో, లేకపోతే సన్నచీపురుతో సందులన్నీ లాగాలి. వాక్యూమ్ అదురుకి గూళ్ళలోంచి కొన్ని బయటికొస్తాయి కూడా, అది మంచిదే, మందేసిన కుక్క ఇంట్లో ఉంటే దాన్ని ఎక్కి చస్తాయి. పెరట్లో ఎండ పడే చోట దిగుల్లేదు, 35 డిగ్రీలు దాటిన వేడికీ, 50 శాతం కంటే తక్కువ తేమకీ పిల్లపురుగు తట్టుకోలేదు. మెట్ల కింద, మోటారు షెడ్డులో, నీడలో పోసి వదిలేసిన ఇసుక కుప్పలో చూడండి. వీధికుక్కలు తవ్వుకుని పడుకునే చల్లటి గుంటలన్నీ ఫ్లీలకి పురిటిగదులే. మా గేటు బయట పడుకునే కుక్కలకి నేను గోనెసంచులు వేస్తాను, వాటిని కూడా ఇంట్లోవాటితోపాటే ఉడకబెడతాను. "వీధికుక్కల పక్కబట్టలు ఉతికే ఇల్లు ఇదొక్కటే" అని అమ్మ సణుగుతుంది. సణుగుతూనే పొయ్యి వెలిగిస్తుంది.

ఎంతకాలం అంటే మూడు నెలలు అనుకోండి. మొదటి మాత్ర వేసిన రెండో వారంలో కూడా కుక్క మీద ఫ్లీ కనిపిస్తుంది. అది గూడులోంచి కొత్తగా వచ్చింది, రేపటికి చస్తుంది. చాలామంది సరిగ్గా అప్పుడే మందు పని చెయ్యలేదని ఆపేసి మళ్ళీ షాంపూ షాపుకి పోతారు. దువ్వెన పరీక్ష వారానికోసారి చేస్తూ, కాగితం మీద ఎర్రగీతలు తగ్గుతున్నాయా లేదా అన్నదే చూడండి.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా మనవాళ్ళు తిరగేసి చేస్తారు. వానాకాలం మధ్యలో ఇల్లంతా గెంతుతున్నప్పుడు మందు వెతుకుతారు. అనంతపురం లాంటి పొడి ఊరిలో వేసవి సగం పని చేసిపెడుతుంది. మా కాకినాడలో ఉక్క పోదు కాబట్టి అంత ఆశ లేదు, అయినా వానాకాలంతో పోలిస్తే ఎండాకాలమే నయం. నేనైతే మే మొదటి వారంలో మొదలుపెడతాను. దుప్పట్లు ఎండలో గంటలో ఆరతాయి, సోఫా బయటికి లాగినా వాన భయం లేదు. నెలమాత్ర వాడేవాళ్ళకి రెండోది జూన్ మొదట్లో పడుతుంది, అప్పటికి వానలు ఇంకా సరిగ్గా మొదలవ్వవు.